మూడు తరాలతో హాంకాంగ్ డిస్నీల్యాండ్: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

హైదరాబాద్ నుంచి పిల్లలతో డిస్నీల్యాండ్ చూడాలనుకునే వారికి అన్నిటికంటే దగ్గరది హాంకాంగే. శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం దొరికితే దాదాపు ఆరు గంటల ప్రయాణం. టోక్యో, షాంఘై, పారిస్‌లలోని పార్కులు దీనికంటే పెద్దవి. రైడ్ల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే హాంకాంగ్ కాస్త వెనకబడినట్టే ఉంటుంది. అయినా మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య, ఒకటో తరగతి చదివే మా అమ్మాయి, మధ్యాహ్నం నిద్ర ఇంకా మానని బాబుతో బయలుదేరేటప్పుడు నేను దీనికే పట్టుబట్టాను. వెళ్లి వచ్చాక కూడా అదే మాట మీద ఉన్నాను. ముసలివాళ్లు, పసివాళ్లు ఉన్న కుటుంబం పార్కులో ఎన్ని రైడ్లున్నాయని లెక్కపెట్టే ముందు, ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి గదికి చేరి నడుం వాల్చగలమా అని అడగాలి. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇక్కడ దొరికింది.

ముందు తేదీల సంగతి. మన పిల్లల సెలవులు మూడే: దసరా, సంక్రాంతి, వేసవి. దసరా సెలవులు తరచుగా అక్టోబరు మొదటి వారంలోకి వస్తాయి. అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం, ఆ వారమంతా చైనా ప్రధాన భూభాగంలో సెలవులు. అప్పుడు హాంకాంగ్‌కు జనం పోటెత్తుతారు, గదుల ధరలు పెరుగుతాయి. వేసవిలో మే, జూన్ నెలలు ఉక్కపోత, కుండపోత వానలు. జులై నుంచి సెప్టెంబరు దాకా తుపాన్ల భయం, హెచ్చరిక పెద్దదైతే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. మిగిలింది సంక్రాంతి. జనవరిలో హాంకాంగ్ చల్లగా, పొడిగా ఉంటుంది, సాయంత్రం స్వెట్టరు వేసుకుంటే చాలు. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కి ముందు రాదు కనుక మన సంక్రాంతి సెలవులు ఎప్పుడూ ఆ రద్దీ మొదలవకముందే అయిపోతాయి. పండగ పూట ఇల్లు వదిలి వెళ్లడం అత్తయ్యకు మొదట మనస్కరించలేదు. సకినాలు, అరిసెలు డబ్బాలకెత్తి పెట్టెలో సర్దాక కాని ఆమె ముఖం తేటపడలేదు.

కాగితాల పని చిన్నదే కాని జాగ్రత్తగా చేయాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు హాంకాంగ్‌కు వీసా తీసుకోనక్కర్లేదు. కాని 2017 జనవరి నుంచి బయలుదేరే ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. రుసుము లేదు. నమోదు ఆరు నెలలు చెల్లుతుంది, ఒక్కో రాకకు 14 రోజుల వరకు ఉండవచ్చు. చంటి బిడ్డకైనా విడిగా నమోదు చేయాల్సిందే. మన తెలుగువాళ్లకు చిక్కు వచ్చేది ఇంటిపేరుతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో, ఏ అక్షరాలతో ఉందో అచ్చం అలాగే కొట్టాలి. ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటే పాస్‌పోర్టునే నమ్మండి. వచ్చిన పత్రాన్ని తెల్ల కాగితంపై ప్రింటు తీసి సంతకం చేసి వెంట ఉంచుకోవాలి.

ఉచితంగా అయ్యే ఈ పనికి అమీర్‌పేటలోని ఒక ట్రావెల్స్ వాళ్లు మనిషికి ఇంత అని ప్యాకేజీలో రుసుము వేశారు. అదే ప్యాకేజీలో హోటల్‌ను 'డిస్నీల్యాండ్ పక్కనే' అని రాశారు. చిరునామా అడిగి మ్యాపులో చూస్తే అది తుంగ్ చుంగ్. అది చెడ్డ చోటేమీ కాదు. విమానాశ్రయానికి దగ్గర, కింద పెద్ద షాపింగ్ మాల్, మెట్రో కూడా ఉంది. కాని అక్కడి నుంచి పార్కుకు సన్నీ బే స్టేషన్‌లో రైలు మారి వెళ్లాలి. పొద్దున ఒకసారి వెళ్లడానికి, రాత్రి ఒకసారి రావడానికి బాగానే ఉంటుంది. మధ్యాహ్నం నిద్రపోతున్న పిల్లవాణ్ని భుజాన వేసుకుని, పెద్దావిడను వెంటబెట్టుకుని రైలు మారి గదికి పోయి మళ్లీ రావడం మాత్రం జరిగే పని కాదు. పక్కనే అన్న మాటకు అర్థం నడిచి వెళ్లగలగడం. ఆ ప్యాకేజీ వదిలేసి విమానం, గది, టికెట్లు విడివిడిగా మేమే కొనుక్కున్నాం.

రిసార్టు లోపల హోటళ్లు మూడు. డిస్నీల్యాండ్ హోటల్ పాతకాలపు రాజభవనంలా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. హాలీవుడ్ హోటల్ సాధారణంగా మూడింటిలో చవక, ఈత కొలను పియానో ఆకారంలో ఉంటుంది. 2017లో తెరిచిన ఎక్స్‌ప్లోరర్స్ లాడ్జ్ అన్నిటికంటే పెద్దది, 750 గదులు. చుట్టూ తోటలు, ఎటు చూసినా యాత్రికుల బొమ్మలు, పటాలు. మేము దిగింది అందులోనే. పార్కుకు ఉచిత బస్సులు తిరుగుతూనే ఉంటాయి, ఓపిక ఉంటే సముద్రపు ఒడ్డున నడిచి పోవచ్చు. గది చేతికి వచ్చేది మధ్యాహ్నం తర్వాతే. అయినా పొద్దున్నే వెళ్లి సామాను అప్పగించి నేరుగా పార్కుకు పోవచ్చు. డిస్నీల్యాండ్ లాంటావ్ దీవిలో ఉంది, విమానాశ్రయం ఆ దీవిని ఆనుకునే ఉంది కనుక దిగగానే ముందు ఇక్కడికి వచ్చి, నగరాన్ని తర్వాతకు పెట్టుకోవడం మేలు.

ఇంత ఖర్చు పెట్టి లోపలే దిగాలా? పెద్ద పిల్లలున్నవాళ్లు, పొద్దున వెళ్లి రాత్రి దాకా తిరగగలిగేవాళ్లు దిగనక్కర్లేదు. నగరంలో చిమ్ షా చుయ్ వైపు తక్కువలో గది తీసుకుని మెట్రోలో రావచ్చు, ముప్పావుగంట పని. మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకునే కుటుంబానికి మాత్రం ఆ డబ్బు దండగ కాదు. పొద్దున గేటు తెరిచే వేళకు లోపలికి వెళ్లి, ఒంటి గంటకు గదికి వచ్చి, నాలుగింటికి మళ్లీ బయలుదేరాం. బాబు నిద్ర లేచి హుషారుగా ఉన్నాడు. అత్తయ్య కాళ్లకు నూనె రాసుకుని, ఒక కునుకు తీసి, తానే ముందు చెప్పులు వేసుకున్నారు. రాత్రి కోట మీద వేసే వెలుగుల ప్రదర్శన దాకా ఎవరూ విసుక్కోలేదు. అక్కడ రెండు రాత్రులు చాలు, మూడోది అనవసరం.

టికెట్లు తేదీని బట్టి ధర మారతాయి. పెద్దవాళ్లకు ఒక రోజు టికెట్ 600 హాంకాంగ్ డాలర్లకు పైనే. ఒక్కో డాలరు మనకు పది రూపాయలు దాటుతుంది కనుక మనిషికి ఆరు వేలకు ఎక్కువే అనుకోండి. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, 3 నుంచి 11 ఏళ్ల వాళ్లకు పిల్లల టికెట్, 60 దాటినవాళ్లకు చాలా తక్కువ ధర. పెద్దవాళ్ల వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. కొన్ని రోజుల్లో పార్కు మూసి ఉండవచ్చు, క్యాలెండరు చూశాకే విమానం టికెట్ కొనండి.

మెట్రోలో వచ్చినా రాకపోయినా పిల్లల్ని ఆ చిన్న రైలు ఒక్కసారైనా ఎక్కించాలి. సన్నీ బే నుంచి డిస్నీల్యాండ్ దాకా నడిచే ఆ రైలు కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి. స్టేషన్ నుంచి గేటు వైపు నడుస్తుంటే దారి ఒకచోట వంపు తిరుగుతుంది. "అమ్మాయ్, ఇంత విశాలంగా వేసి తిన్నగా వేయలేదేమిటి?" అన్నారు అత్తయ్య. మంచి శక్తి నేరుగా వెళ్లి సముద్రంలో కలిసిపోకుండా చైనా వాస్తు ప్రకారం అలా తిప్పారని, ప్రధాన ద్వారాన్ని కూడా 12 డిగ్రీలు పక్కకు జరిపారని చెప్పాను. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, కొండ ఎటుందో నీళ్లు ఎటున్నాయో చూసుకున్నారు. "వీళ్లూ మనలాగే చూసుకుంటారన్నమాట" అన్నారు. కోట కంటే ఆ వంపే ఆవిడకు ఎక్కువ నచ్చిందని నా నమ్మకం.

లోపల మా అమ్మాయికి ప్రాణం లేచివచ్చింది 'ఫ్రోజెన్' సినిమా కథతో కట్టి 2023 నవంబరులో తెరిచిన వరల్డ్ ఆఫ్ ఫ్రోజెన్‌లో. ప్రపంచంలో ఆ కథకు కట్టిన మొదటి లోకం ఇదే. కృత్రిమ మంచు కొండ వెనక నిజమైన పచ్చని కొండ నిలబడి ఉంటుంది, రెండూ ఒకే దృశ్యంలా కలిసిపోతాయి. అక్కడి రెండు రైడ్లకూ వరుస తొందరగా పెరిగిపోతుంది కనుక గేటు తెరవగానే అటే నడవండి.

రైడ్లకు ఎత్తు నిబంధన ఉంటుంది, దీన్ని ఇంట్లోనే సరిచూసుకోండి. ఫ్రోజెన్‌లోని మంచు బండి రైడ్‌కు 95 సెంటీమీటర్లు, హైపర్‌స్పేస్ మౌంటెన్‌కు 102, బిగ్ గ్రిజ్లీ మౌంటెన్‌కు 112 ఉండాలి. గ్రిజ్లీ దగ్గర కొలకర్ర పక్కన మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నిలబడింది. అక్కడి ఉద్యోగిని మోకాళ్ల మీద కూర్చుని, పాప మడమలు నేలకు ఆనాయో లేదో చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. తక్కువైంది రెండు వేళ్లంతే. ఆ ఉద్యోగిని అంత నెమ్మదిగా, అంత ప్రేమగా కాదని చెప్పకపోతే ఏడుపు ఆగేది కాదు. "వచ్చే సంక్రాంతికి పెరుగుతావులే తల్లీ" అని నానమ్మ దగ్గరికి తీసుకున్నారు.

అత్తయ్యకు గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకు తీసుకున్నాం. దారులన్నీ చదునుగా ఉన్నాయి, ఎక్కడా ఎత్తి దింపాల్సిన అవసరం రాలేదు. ఆవిడ మెచ్చినవి లయన్ కింగ్ నాటక ప్రదర్శన, పడవలో కూర్చుని దేశదేశాల బొమ్మలు చూసే రైడ్.

తిండి విషయంలో భయం అక్కర్లేదు కాని ముందుచూపు కావాలి. పార్కులో మిస్టిక్ పాయింట్ అనే భాగంలోని ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ రెస్టారెంట్‌లో మనవైపు వంటలు దొరికాయి, అన్నం, కూర ముఖం చూశాక ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చింది. ధర ఎక్కువ, కారం తక్కువ. నగరంలో ఉన్న రోజుల్లో నాథన్ రోడ్డులోని చుంకింగ్ మాన్షన్స్ వైపు వెళ్తే భారతీయ భోజనం చవకగా దొరుకుతుంది. మరో మాట, అక్కడి ప్లగ్గులు చదరపు మూడు ముళ్లవి, అడాప్టరు కోఠిలో కొనుక్కుని వెళ్లండి.

డిస్నీ అయ్యాక ఒక రోజు ఎన్గాంగ్ పింగ్‌కు ఇవ్వండి. తుంగ్ చుంగ్ నుంచి 5.7 కిలోమీటర్ల రోప్‌వే, దాదాపు 25 నిమిషాలు సముద్రం మీద, కొండల మీద వేలాడుతూ వెళ్తాం. పైన 34 మీటర్ల కంచు బుద్ధుడు, 1993లో ప్రతిష్ఠించారు. మన హుస్సేన్ సాగర్ బుద్ధుడికి దాదాపు రెండింతలు. విగ్రహం దగ్గరికి 268 మెట్లు. మేము ఎక్కుతుంటే అత్తయ్య కిందే కూర్చుని దణ్ణం పెట్టుకున్నారు. పక్కనే ఉన్న పో లిన్ మఠంలో శాకాహార భోజనం పెడతారు. ఏ గిన్నెలో ఏముందో అడగకుండా ఆవిడ కడుపునిండా తిన్నది హాంకాంగ్ మొత్తంలో అక్కడే. శాకాహారులైన పెద్దవాళ్లు వెంట ఉంటే రోప్‌వేకు పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్న భోజనం మఠంలోనే పెట్టుకోండి.