ఒక కోర్సులో టీచర్, ఇంకోదాంట్లో స్టూడెంట్: మూడుల్‌ను చాలాకాలం వాడాక

ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో క్విజ్ ఎలా పెట్టాలి, ఫోరం ఎలా తెరవాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. ఒకే లాగిన్‌తో ఒక కోర్సులో పాఠం చెబుతాను, ఇంకో కోర్సులో విద్యార్థిగా నేర్చుకుంటాను. కోర్సుల పేజీలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తెరిస్తే అసైన్‌మెంట్‌లో మార్కులు వేసే బటన్ వస్తుంది, రెండోది తెరిస్తే నా ఫైలు పంపే బటన్.

అంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్‌లో, పేరెందుకులెండి, విద్యార్థిగా చేరాలంటే వేరే మెయిల్ ఐడీతో వేరే ఖాతా తెరవమనేవారు. గడువు దగ్గరపడ్డప్పుడు బ్రౌజర్ ఏ ఖాతాతో లోపలికి వెళ్లిందో చూసుకోవడమే ఒక టెన్షన్.

ఇంత మామూలు సదుపాయం కోసం అమెరికాలో కంపెనీలు కోర్టుకెక్కాయంటే నమ్మబుద్ధి కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే బ్లాక్‌బోర్డ్ అనే సంస్థకు 2006 జనవరిలో 6,988,138 నంబరు పేటెంట్ వచ్చింది. అదే ఏడాది జులైలో కెనడాకు చెందిన పోటీ సంస్థ డిజైర్‌టులెర్న్ మీద టెక్సాస్‌లో దావా వేసింది. పేటెంట్‌లో మొత్తం 44 క్లెయిములు, అంటే ఇది మాదే అని హక్కు చెప్పుకునే అంశాలు. వాటిలో 36వది సరిగ్గా నేను మురిసిపోతున్న సంగతే: ఒకే యూజర్‌కు వేర్వేరు కోర్సుల్లో వేర్వేరు పాత్రలు. మొదటి 35 క్లెయిములు అస్పష్టంగా ఉన్నాయని కింది కోర్టే పక్కన పెట్టింది. 36 నుంచి 38 వరకు ఉన్న క్లెయిముల మీద 2008 ఫిబ్రవరిలో జ్యూరీ బ్లాక్‌బోర్డ్‌కు దాదాపు 31 లక్షల డాలర్లు ఇప్పించింది.

అప్పీలులో కథ తిరగబడింది. పాత సాఫ్ట్‌వేర్లకూ తమదానికీ తేడా ఒకే లాగిన్‌లోనే ఉందని బ్లాక్‌బోర్డ్ వాదించింది. 2009 జులైలో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు క్లెయిము చదివి, ఒకే లాగిన్ ఉండాలన్న షరతు అందులో లేనే లేదంది. ఆ షరతు లేకపోతే అంతకుముందే ఉన్న వ్యవస్థలు ఆ పని చేస్తూనే ఉన్నాయి కాబట్టి 36 నుంచి 38 వరకు చెల్లవని తేల్చింది. అంత డబ్బు తెచ్చిపెట్టిన వాదనకు ఆధారం సొంత పత్రంలోనే లేకపోవడం, నన్నడిగితే, ఆ కేసు మొత్తంలో అన్నిటికన్నా రుచికరమైన భాగం. ఆ డిసెంబరులో రెండు సంస్థలూ రాజీపడ్డాయి.

మూడుల్ ఈ గొడవకు దూరంగా ఏమీ లేదు. సకాయ్, మూడుల్, ఎట్యూటర్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే) సాఫ్ట్‌వేర్ల తరఫున, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయసహాయ సంస్థ 2006 నవంబరులో ఆ పేటెంట్‌ను మళ్లీ పరిశీలించమని కోరింది. 2007 ఫిబ్రవరిలో బ్లాక్‌బోర్డ్ ఓపెన్ సోర్స్ మీద పేటెంట్లు ప్రయోగించబోమని మాటిచ్చింది, కాకపోతే కోడ్ బయటపెట్టని సొంత (యాజమాన్య) సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మితే ఆ మాట వర్తించదని ఒక మెలిక ఉంచుకుంది. నేను ఇంత మెచ్చుకుంటున్న రోల్స్ పద్ధతి (ఒక్కో పాత్రకు ఏమేం చేసే అనుమతులుండాలో విడిగా పెట్టుకునేది) మూడుల్‌లోకి 1.7 వెర్షన్‌తో వచ్చింది, అది కూడా 2006 నవంబరులోనే.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. ఒకరోజు నా సొంత కోర్సు ఫోరంలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు రాద్దామని చూస్తే, 'రిప్లై' అన్న లింకే లేదు. మార్కులు వేయగలను, పాఠాలు మార్చగలను, జవాబు మాత్రం రాయలేను. పేజీ రీఫ్రెష్ చేశాను, బ్రౌజర్ మార్చాను. విద్యార్థులేమో సారు పట్టించుకోవట్లేదనుకుంటున్నారు. చివరికి అడ్మిన్ 'చెక్ పర్మిషన్స్' పేజీలో నా పేరు పెట్టి చూస్తే, జవాబు రాసే అనుమతికి ఎదురుగా 'నో' అని ఉంది.

జరిగిందేమిటంటే, ఉద్యోగుల శిక్షణ కోసం మా అడ్మిన్ ఒక కొత్త రోల్ తయారుచేసి, నన్ను ఆ కోర్సుల కేటగిరీ మొత్తానికి ఆ రోల్‌లో చేర్చాడు. ఆ రోల్‌కు ఫోరం జవాబులు 'ప్రొహిబిట్' చేసి ఉన్నాయి. నేను పాఠం చెప్పే కోర్సూ అదే కేటగిరీలో ఉంది. 'ప్రివెంట్' అయితే కింది స్థాయిలో, అంటే కోర్సులో, 'అలౌ' ఇచ్చి దాటొచ్చు. 'ప్రొహిబిట్' పెడితే కింద ఎన్ని 'అలౌ'లు ఇచ్చినా చెల్లవు. నాలోని విద్యార్థి నాలోని టీచర్ నోరు నొక్కేశాడన్నమాట.

అందుకే ఒకే లాగిన్ హాయి అన్నాను కదా, దాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి. ఒకే కోర్సులో విద్యార్థికి ఏం కనిపిస్తుందో చూడ్డానికి రోల్ మార్చే సదుపాయం ఉంది, అది కూడా సగం నిజమే చూపిస్తుంది. ఒక గ్రూపుకే కనిపించేలా పెట్టిన పాఠం, నేను ఆ గ్రూపులో లేను కాబట్టి, రోల్ మార్చినా నాకు కనిపించదు. అలాంటి పరీక్షల కోసం నేనూ ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా ఉంచుకున్నాను. అంటే రెండో లాగిన్ వెనక తలుపు నుంచి మళ్లీ వచ్చింది.

మీరూ తీసుకోవాలా అంటే సూటిగా చెప్పలేను. నాకు సర్వర్ చూసుకునే మనిషి పక్క గదిలోనే ఉన్నాడు, పిలిస్తే పలుకుతాడు. మీరొక్కరే అన్నీ చూసుకోవాల్సివస్తే, నిర్వహణ బయటివాళ్లకు అప్పగించడం గురించి ఆలోచించండి. ఒప్పందం చేసుకునే ముందు కోర్సు బ్యాకప్ మీ చేతికి ఇస్తారో లేదో అడగండి, ఎందుకంటే ఈ రంగంలో సంస్థలు ఎప్పుడు ఎవరి చేతికి పోతాయో తెలియదు. 2012లో మూడుల్ సేవలందించే మూడుల్‌రూమ్స్, నెట్‌స్పాట్ రెండిటినీ కొన్నది బ్లాక్‌బోర్డే.