తిరుపతిలో మెమరీ కార్డు కొంటున్నారా? టెస్టు చేయకుండా కెమెరాలో పెట్టకండి

తిరుపతికి కెమెరాతో వచ్చేవాళ్లందరూ ఇది చదవాలి. పెళ్లి పని మీద చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చేవాళ్లు, తలకోన, చంద్రగిరి, పులికాట్ అని తిరిగేవాళ్లు, మన ఊరి కుర్రాళ్లు, ఎవరైనా సరే. టౌన్‌లో నకిలీ మెమరీ కార్డులు అమ్ముతున్నారు. చూడ్డానికి అచ్చం పేరున్న కంపెనీ కార్డే. కంప్యూటర్‌లో పెడితే 128 జీబీ కార్డు అనే చూపిస్తుంది. ఫోటోలు తీస్తుంటే అన్నీ ఎక్కుతున్నట్టే ఉంటుంది. ఇంటికెళ్లి తెరిచాక గానీ చాలావరకు పోయాయని తెలీదు.

నాకు జరిగింది చెప్తాను. నేలపట్టు పక్షుల అభయారణ్యానికి బయల్దేరే ముందు రోజు సాయంత్రం, చేతిలో ఇంకో కార్డు ఉంటే మంచిదని టౌన్‌లో ఒక షాపులో 128 జీబీ ఎస్‌డీ కార్డు తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో 2,000 పైన ఉండే కార్డును 1,300కి ఇచ్చారు. ఎందుకింత తక్కువ అని అడిగితే "స్టాక్ ఎక్కువ తెప్పించాం అన్నా, అందుకే. ఒరిజినలే, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు. ప్యాకెట్‌కు సీలు ఉంది, హోలోగ్రామ్ ఉంది. బిల్లు అడిగితే చేత్తో రాసిన చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. డబ్బు యూపీఐలో కట్టాను కాబట్టి ఆ ఆధారం మాత్రం మిగిలింది.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తెల్లారేసరికి నేలపట్టు చేరాం. గూడబాతులు పిల్లలకు మేత పెట్టే సీజను. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు లాక్కుని తింటుంది. ఆ దృశ్యం మంచి వెలుతురులో, అడ్డం ఏమీ లేకుండా దొరకాలంటే ఎంతో ఓపిక కావాలి. ఆ రోజు దొరికింది. కెమెరా స్క్రీన్ మీద చూసుకున్నాం కూడా, పక్కనున్న మిత్రుడు భుజం తట్టాడు.

రాత్రి ఇంట్లో కార్డు పెట్టి చూస్తే మొదటి ఫోటోలు బాగానే తెరుచుకున్నాయి. ఒక చోట నుంచి వరుస తప్పింది. ఒక ఫ్రేములో పైన కొంచెం ఆకాశం, ఒక కొమ్మ చివర ఉన్నాయి, అక్కడి నుంచి కింది దాకా మొత్తం బూడిద రంగు. దాని తర్వాతవి అసలు తెరుచుకోలేదు. ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, లోపల మాత్రం ఏమీ లేదు. గూడబాతు పిల్ల మేత తినే ఫోటోలన్నీ ఆ భాగంలోనే ఉన్నాయి.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మీరు మోసపోరు. కార్డు లోపల చిప్‌తో పాటు కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది. కెమెరాకు "నాలో ఇంత జాగా ఉంది" అని చెప్పేది అదే. మోసగాళ్లు 8, 16 జీబీల చౌక చిప్ పెట్టి, కంట్రోలర్‌తో 128 అని చెప్పిస్తారు. పది బస్తాలు పట్టే గోదాముకు వంద బస్తాల రసీదులు రాసిచ్చినట్టు. అసలు జాగా నిండాక కెమెరా పంపిన ప్రతి ఫోటోకు "రాసేశాను" అని జవాబు వస్తుంది, నిజానికి ఆ ఫోటో ఎక్కడా చేరదు. కొన్ని రకాల నకిలీ కార్డులైతే పాత ఫోటోల మీదే కొత్తవి రాస్తాయి, అప్పుడు మొదటివి కూడా పోతాయి. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. తీసిన వెంటనే స్క్రీన్ మీద వచ్చే ఫోటో కెమెరా తన సొంత మెమరీలోంచి చూపించేది. అందుకే స్పాట్‌లో అనుమానం రాదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైలు, అంటే కెమెరా తీసింది తీసినట్టు దాచే ఫైలు, సుమారు 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. ఆ లెక్కన 16 జీబీ అంటే సుమారు 550 ఫోటోలు. పక్షుల దగ్గర బరస్ట్‌లో, అంటే బటన్ నొక్కి పట్టి వరసగా తీస్తే అది గంటలో అయిపోతుంది.

ఇంకో మోసం గురించి కూడా చెప్పాలి. ఫోటోలు పోయాయనే బాధలో రికవరీ చేసే వాళ్ల దగ్గరికి పరిగెత్తుతాం. నన్ను ఒకతను ముందు 4,000 కట్టమన్నాడు, మొత్తం తీసిస్తానన్నాడు. పొరపాటున డిలీట్ చేసిన ఫోటోలు, ఫార్మాట్ చేసిన కార్డులోని ఫోటోలు తిరిగి రావడానికి అవకాశం ఉంది. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే ప్రయత్నించవచ్చు. కానీ నకిలీ కార్డులో జాగా దాటాక తీసినవి చిప్ మీద రాయనే లేదు. లేనిదాన్ని ఎవరూ తియ్యలేరు. దయచేసి ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక టెస్టు సంగతి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, లైనక్స్‌కూ మ్యాక్‌కూ ఎఫ్3 ఉంది. రెండూ చేసే పని ఒకటే: ఖాళీ కార్డును మొత్తం టెస్టు ఫైళ్లతో నింపి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తాయి. 128 జీబీకి మీ రీడర్‌ను బట్టి గంట నుంచి మూడు గంటలు పట్టవచ్చు. నా కార్డులో 15 జీబీ కూడా నిలవలేదు, మిగతాదంతా డేటా లాస్ట్ అని వచ్చింది. కెమెరాలో ఫార్మాట్ చేస్తే చాలనుకోవద్దు, ఫార్మాట్ ఫైళ్ల పేర్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, జాగాను పరీక్షించదు. ఒక విషయంలో మాత్రం కంగారు పడకండి: అసలైన 128 జీబీ కార్డు కూడా విండోస్‌లో 119 అనే కనిపిస్తుంది. అది లెక్క కట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు.

టెస్టుకు టైం లేక, ముహూర్తం మీద పడి అప్పటికప్పుడు కొనాల్సి వస్తే? ముందు కార్డు వెనక్కి తిప్పండి. ముందు వైపు రోమన్ అంకె రెండు, అంటే యూహెచ్ఎస్-2 (ఎక్కువ వేగం ఉన్న రకం) అని ఉంటే, వెనక పిన్నులు రెండు వరుసల్లో ఉండాలి. ఒకే వరుస ఉంటే అక్కడికక్కడే తిరిగిచ్చేయండి. పెద్ద అక్షరాలతో వేసే 170, 200 ఎంబీ స్పీడు సాధారణంగా చదివే వేగం. మీకు కావాల్సింది వీ30 గుర్తు, సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదని దాని అర్థం. అయితే నకిలీ మీద ఆ గుర్తు కూడా అచ్చేస్తారు, కాబట్టి గుర్తును చూసి నమ్మేయకండి. రెండు స్లాట్లున్న కెమెరా అయితే కొత్త కార్డును రెండో దాంట్లో పెట్టి, రెండింటిలోనూ ఒకేసారి రికార్డయ్యేలా సెట్ చేయండి. ఒకే స్లాటు ఉంటే తాళి కట్టే ఘట్టం పాత, నమ్మకమైన కార్డులోనే తీయండి. మధ్యలో ఒకసారి కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేసి, చివరి ఫోటోలను ప్లేబ్యాక్‌లో జూమ్ చేసి చూడండి. జూమ్ కాకపోతే ఆ కార్డు వెంటనే పక్కన పెట్టేయండి. పెళ్లి మళ్లీ జరగదు కదా. ఒకరి జీవితంలో ఒక్కసారి వచ్చే రోజును 700 రూపాయల తేడా కోసం ఇలా పాడు చేస్తున్నారంటే నాకు నిజంగా కడుపు మండుతోంది.

బ్యాటరీల విషయంలోనూ జాగ్రత్త. నకిలీవి ఉబ్బి కెమెరాలోనే ఇరుక్కుపోవచ్చు.

టెస్టు రిజల్టు పట్టుకుని షాపుకు వెళ్తే "ఫోటోలకు గ్యారంటీ ఉండదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. ఆ మాట చట్టం ముందు నిలవదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల దాకా టైం ఉంది.

ఈ మధ్య టౌన్‌లో తక్కువ రేటుకు కార్డు కొన్నవాళ్లు ఉంటే ఈ రాత్రికే టెస్టు పెట్టండి. తేడా వస్తే రిజల్టు స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, కార్డు ప్యాకెట్ మూడూ జాగ్రత్తగా దాచి, 30 రోజులు దాటకముందే షాపుకు వెళ్లి డబ్బు వాపసు అడగండి. వాళ్లు ఇవ్వం అంటే అక్కడి నుంచే 1915కు ఫోన్ చేయండి.