దుంపా, పండా: రోజూ తినడానికి ఏది మేలు?

"సాయంత్రం ఆకలికి చిలగడదుంప ఉడకబెట్టుకుంటే మంచిదా, అరటిపండు తింటే మంచిదా?" ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు ఒకలా అడుగుతారు, కొత్తగా షుగర్ బయటపడినవాళ్ళు టెన్షన్‌తో మరోలా అడుగుతారు. గుంటూరు పట్టాభిపురంలో మా కింద ఫ్లాట్ పిన్నిగారైతే "దుంపలు వాతమంటారు, పళ్ళు షుగరంటారు, ఇంక ఏం తిని బతకాలమ్మా?" అని నన్నే నిలదీశారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నా లెక్క ఏమిటో ఒకచోట రాస్తున్నాను.

ముందు అంకెలు చూద్దాం. వంద గ్రాముల చిలగడదుంపలో 86 కేలరీల దాకా ఉంటాయి. అంతే బరువున్న అరటిపండులో 89, ఉడికించిన బంగాళాదుంపలో 87. కంద కూడా 80కి అటూ ఇటూ. జామ 68, మామిడి 60. పిండిపదార్థం చూసినా చిలగడదుంపలో 20 గ్రాములు, అరటిపండులో 23. పొటాషియానికి అరటిపండుకు పేరొచ్చింది కానీ బంగాళాదుంపలోనూ దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి అంకెలతో తేల్చుకుందామని కూర్చుంటే ఏమీ తేలదు.

నన్నడిగితే తేల్చేది ఒక్కటే: అది మన కంచంలో దేని చోటు తీసుకుంటోంది?

మన కృష్ణా, గుంటూరు వైపు ఇళ్ళలో దుంప కూరగా వస్తుంది. బంగాళాదుంప వేపుడు, చేమదుంపల పులుసు, కంద బచ్చలి, ఏదైనా సరే అన్నంలో కలుపుకోవడానికే. అన్నమూ పిండిపదార్థమే, దుంపా పిండిపదార్థమే. వండిన అన్నం వంద గ్రాముల్లో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మనం తినేది వంద గ్రాములతో ఆగదు కదా. దానిమీద దుంప వేపుడు పడితే పిండిమీద పిండి. పైగా వేపుడు బాగా కుదిరిన రోజు ఇంకో గరిటె అన్నం పెట్టుకుంటామే తప్ప తగ్గించం. గుంటూరు కారం పట్టించి ఎర్రగా వేయించిన చేమదుంపలు ఎదురుగా ఉంటే నాకూ అన్నం కొలత గుర్తుండదు. ఇంకో నష్టం ఏమిటంటే, ఆ పూట బీరకాయో, గోంగూరో, దొండకాయో రావాల్సిన చోటులో దుంప వచ్చి కూర్చుంటుంది. కూరగాయ తిన్నామన్న తృప్తి మిగులుతుంది, తిన్నది మాత్రం అన్నానికి తమ్ముణ్ణి.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. రోజుకు కనీసం 400 గ్రాముల పళ్ళు, కూరగాయలు తినమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ లెక్కలో బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటి పిండి దుంపల్ని కలపొద్దని స్పష్టంగా చెబుతుంది. పూటపూటా ఆలూ కూర తినే పిల్లాడు ఆ లెక్కన కూరగాయ తిన్నట్టు కాదు.

పండు సంగతి వేరు. అది అన్నంలో కలవదు. నూనె అడగదు, తాలింపు అడగదు. ఉప్పు కూడా అడగదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో జామకాయ కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చే బండివాళ్ళ సంగతి మినహాయిద్దాం, వాళ్ళను వదులుకోమని నేను చెప్పను. సాయంత్రం నాలుగున్నరకి పునుగులో, మిరపకాయ బజ్జీయో పడాల్సిన కడుపులో ఒక జామకాయ పడితే, ఆ రోజు మీరు నూనెనే తప్పించుకున్నారు. పండు తీసుకునే చోటు చిరుతిండిది. మన తిండిలో ఎక్కువ బలహీనంగా ఉన్నది కూడా ఆ చోటే. అందుకే రోజువారీ మాటైతే నా ఓటు పండుకే.

కాకపోతే పండును కూడా మనవాళ్ళు తెచ్చి అన్నంలోకే చేర్చారు. పెరుగన్నంలో మామిడిపండు, లేదంటే చక్కెరకేళి. నూజివీడు రసాలు దిగే రోజుల్లో ఆ కమ్మదనం ముందు ఏ సలహా నిలబడదని తెలుసు. షుగర్ లేనివాళ్ళకు సీజన్లో నాలుగు వారాల ముచ్చట అది, పోనివ్వండి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం పెరుగన్నం గానీ, పండు గానీ, ఒకటే ఎంచుకోవాలి. పండు కావాలంటే ఆ పూట పెరుగు గ్లాసులో పోసుకు తాగండి, అన్నం వదిలేయండి. అక్కడ కూడా సూత్రం అదే, దేని చోటు తీసుకుంది అన్నదే.

పళ్ళలో రోజూ తినడానికి నేను మొదట చెప్పేది జామ. ఆపిల్ కాదు. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు చాలు. అంటే సగం జామకాయతో రోజుకు సరిపోతుంది. దుంపల్లోనూ విటమిన్ సి కొంత ఉంటుంది కానీ దాన్ని పచ్చిగా తినలేం, ఉడికేలోపు కొంత పోతుంది. పప్పులో, తోటకూరలో ఉండే ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే అదే పూట విటమిన్ సి అందాలి. కాబట్టి రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలకు ఆకుకూర పప్పు తిన్న వెంటనే రెండు జామ ముక్కలు పెట్టడం మంచిది. "అన్నం తిన్నాక పండు తినకూడదు, కడుపులో కుళ్ళిపోతుంది" అని ఫోన్లలో తిరిగే మాటను పట్టించుకోకండి. కడుపులోని ఆమ్లంలో పండు కుళ్ళదు.

అరటిపండుకు రెండో స్థానం. తెనాలి, కొల్లిపర లంకల నుంచి వచ్చే కర్పూరం రకం చిన్న కుటుంబానికి బాగా పనికొస్తుంది, ఒక్కటి తింటే ఒక పూట చిరుతిండి అయిపోతుంది. పొద్దున పరుగెత్తేవాళ్ళకు, టిఫిన్ మానేసి బస్సులో వెళ్ళే పిల్లలకు దీనంత సులువైనది లేదు. కొనేటప్పుడు ఒక్క సంగతి చూడండి. తొక్క పసుపు నిగనిగలాడుతూ కాడ మాత్రం పచ్చగా ఉండి, లోపల గట్టిగా ఉంటే అది తొందరపెట్టి పండించిన సరుకు. కాల్షియం కార్బైడ్‌తో పండించడం చట్టప్రకారం నిషేధం. ఇథిలిన్ వాయువుతో పండించడానికి అనుమతి ఉంది, దానివల్ల భయం లేదు. చూపుతో మాత్రమే ఏది దేనితో పండిందో చెప్పడం కష్టం, అందుకే కాయగా గెల కొని ఇంట్లో పండించుకోగలిగినవాళ్ళు అదృష్టవంతులు.

బొప్పాయి మంచిదే. బత్తాయి తొనలుగా తింటే మంచిది, రసం తీసి పీచు పారేస్తే సగం పోయినట్టే. ఆపిల్, కివి, డ్రాగన్ ఫ్రూట్ మీకు ఇష్టమైతే తినండి, ఆ డబ్బుకు అవి ప్రత్యేకంగా ఇచ్చేది ఏమీ లేదు.

ఇంత చెప్పాక దుంపల పక్షం కూడా చెప్పాలి. లేకపోతే మా అత్తగారు నా చేతి కంద బచ్చలి ముట్టరు.

దుంప దోషం దుంపలో లేదు, అన్నం పక్కన కూర్చోవడంలో ఉంది. దాన్ని అన్నం చోట కూర్చోబెట్టి చూడండి, కథ మారిపోతుంది. రాత్రి అన్నం మానేసి రెండు మాదిరి చిలగడదుంపలు ఉడికించుకుని, పక్కన గిన్నెడు పెసరపప్పు కట్టో, ఒక గుడ్డో పెట్టుకుంటే అది పూర్తి భోజనం. వంద గ్రాముల అన్నంలో పీచు అర గ్రాము కూడా ఉండదు, చిలగడదుంపలో మూడు గ్రాములు. శివరాత్రి ఉపవాసం నాడు మనవాళ్ళు చేసేది అదే కదా. ఉపవాసం పేరుతో ఏడాదికి ఒక రోజు అన్నం మాని దుంప తింటాం, మర్నాటి నుంచి మళ్ళీ దుంపను అన్నంలో కలుపుకుంటాం. దుంపను ఉడికించి తినడం, నిప్పుల మీద కాల్చుకు తినడం ఒకటి కాదు. కాల్చినప్పుడు తీపి పెరుగుతుంది, రక్తంలో చక్కెర కూడా వేగంగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఉడికించినదే నయం. మన బజారులో ఎక్కువగా దొరికేది ఎర్ర తొక్క, తెల్ల గుజ్జు రకం. విటమిన్ ఎ కోసం చిలగడదుంప తినండని చెప్పేవాళ్ళు నారింజ రంగు గుజ్జున్న రకం గురించి మాట్లాడుతున్నారు. తెల్లదానిలో అది నామమాత్రమే. ఆ పని బొప్పాయి, మామిడి, క్యారెట్ చేస్తాయి.

కంద విషయంలో నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపు, అరటి, కంద పక్కపక్క చేలలోనే పండుతాయి, దూరాభారం లేని దుంప ఇది. నెలల తరబడి మంచం కింద పెట్టినా చెడదు. పండుకు లేని సుగుణం అది, జామకాయలు మూడోరోజుకే మెత్తబడతాయి. కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం వచ్చాక దురద బాధ బాగా తగ్గింది. ఆ దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. చేతికి నూనె రాసుకుని, తడి తగలకుండా కోసి, చింతపండు వేసి మెత్తగా ఉడికిస్తే చాలు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం కంద, చేమదుంపలు తగ్గించుకోవడం మంచిది. మిగతావాళ్ళు వారానికి ఒక పూట కంద బచ్చలి వండుకోండి. ఆకుకూర ఎలాగూ అందులోనే ఉంది, దుంప కూరల్లో ఆ సౌకర్యం ఇంకదేనికీ లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచండి.

చేమదుంప రుచికి మంచిది, వేపుడుకు తాగే నూనెకు చెడ్డది. పులుసు పెట్టుకోండి. కర్రపెండలంలో నీళ్ళు తక్కువ, పిండి ఎక్కువ, వంద గ్రాములకు 160 కేలరీలు. రోజువారీ తిండి కాదు. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి కూడా నేల కిందివే అయినా పిండి తక్కువ, వాటిని కూరగాయల్లోనే లెక్కేసుకోండి. ఈ చర్చ వాటి గురించి కాదు.

ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే దుంపలో షుగర్ ఉండదా అని ఒకరు అడిగారు. చల్లారాక పిండిపదార్థంలో కొంత అరగకుండా పీచులా పనిచేస్తుంది, నిజమే. కొంత మాత్రమే. దాన్ని నమ్ముకుని రెట్టింపు తింటే వచ్చిన లాభం పోతుంది.

జిమ్ కుర్రాళ్ళ ప్రశ్నకు జవాబు చిన్నది. వ్యాయామానికి అరగంట ముందైతే అరటిపండు, త్వరగా అరుగుతుంది. వచ్చాక భోజనంగా తినేదైతే గుడ్లతో చిలగడదుంప. రెండూ కలిపి షేక్ చేసుకుని పైన అన్నం కూడా తింటామంటే నా దగ్గర సలహా లేదు.

ఒక్కరి విషయంలో మాత్రం పైన చెప్పిందంతా తిరగబడుతుంది. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు. అరటిపండులోని పొటాషియాన్ని తినేముందు తగ్గించే దారి లేదు. దుంపకు ఉంది. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. వాళ్ళకు అరటిపండు కన్నా అలా ఉడికించిన దుంప కూరే నయం కావచ్చు. ఎన్ని గ్రాములన్నది వాళ్ళ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి.