క్యోటోలో గేషాలను ఎక్కడ చూడాలి, ఎక్కడ చూడకూడదు

ఏప్రిల్‌లో అమ్మా నేనూ జపాన్‌లోని క్యోటోలో నాలుగు రాత్రులు ఉన్నాం. అమ్మ పెళ్లికి ముందు ఏడేళ్లు కూచిపూడి నేర్చుకుంది. అందుకే చెర్రీ పూల సంగతి తర్వాత, ముందు గేషాల నాట్యం చూడాలంది. గేషాలంటే విందుల్లో ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణులు.

క్యోటోలో వాళ్లని గేయికో అంటారు, శిక్షణలో ఉన్న అమ్మాయిని మైకో అంటారు. ‘గేయి’ అంటే కళ. వాళ్లంటే వేశ్యలే అనుకునేవాళ్లు మనలోనూ చాలామంది. అది తప్పు. మొదట్లో గేషాలు మగవాళ్లే. విందుల్లో హాస్యమాడుతూ, డోలు వాయిస్తూ ఉండేవారు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఆడవాళ్లు ఈ వృత్తిలోకి వచ్చారు. పూర్వం అప్పుల పాలైన తల్లిదండ్రులు ఆడపిల్లల్ని గేషా ఇళ్లకి అమ్మేసిన మాట కూడా నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. ఇప్పుడు పదిహేనేళ్లు నిండి, తప్పనిసరి చదువు ముగించుకున్న పిల్లలు ఇష్టపడి వస్తున్నారు.

మొదటి సాయంత్రమే పొరపాటు చేశాం. గేషాలను చూపిస్తామన్న ఒక గైడు నడక బృందంలో చేరాం. గేయికోలు ఉండే గియోన్ పేటలోని హనామికోజి వీధిలో ఒక తలుపు తీసుకుని మైకో బయటికి రాగానే పదిమంది ఫోన్లెత్తి ఆమె ముందుకు పరుగెత్తారు. ఆ పిల్ల తల వంచుకుని, ఎత్తు చెక్క చెప్పులతో చిన్న చిన్న అడుగులు వేస్తూ గబగబా వెళ్లిపోయింది. ‘పాపం, పనికి వెళ్తున్న పిల్లే, మనం దారికి అడ్డంగా నిలబడితే ఎలా?’ అంది అమ్మ. పక్క సందు మొదట్లో ప్రవేశం లేదనీ, కాదని వెళ్తే పదివేల యెన్‌లు జరిమానా అనీ బోర్డు ఉంది. గైడు అందులోకే రమ్మన్నాడు. మేం అక్కడే ఆయనకి నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేశాం. దయచేసి అలాంటి బృందాలకి డబ్బు కట్టకండి.

ఆ డబ్బేదో మియాకో ఒదోరి టికెట్‌కి పెట్టండి. రాజధాని టోక్యోకి తరలిపోయాక కళ తప్పిన క్యోటోకి జనాన్ని రప్పించాలని 1872లో మొదలుపెట్టిన నాట్యోత్సవం ఇది. ఏటా ఏప్రిల్‌లో గియోన్ కోబు నాట్యశాలలో జరుగుతుంది. ‘మియాకో ఒదోరి వా’ అన్న పిలుపుకి ‘యోయియాసా’ అని గేయికోలూ మైకోలూ ఒక్కగొంతుతో బదులిస్తూ, నీలం కిమోనోల్లో రెండు వైపుల నుంచీ వస్తారు. అక్కడి నుంచి గంటసేపు తెర పడదు, ఋతువులు మారుతూనే ఉంటాయి. అమ్మ కళ్లు మాత్రం వాళ్ల మోకాళ్ల మీదే. అక్కడ నేర్పేది ఇనొఉయే అనే నాట్య బాణీ. నడుము కిందికి దింపి, పాదం నేల మీద జారుస్తూ నడుస్తారు. ‘మన అరమండిలాగే ఉందే! అంత బరువు కిమోనోలో ఇంతసేపు ఎలా నిలబడుతున్నారో!’ అంది. టీ కూడా ఇచ్చే టికెట్ తీసుకోండి. గేయికో టీ కలుపుతుంటే దగ్గర నుంచి చూడొచ్చు, మిఠాయి పెట్టి ఇచ్చిన చిన్న పళ్లెం ఇంటికి తెచ్చుకోవచ్చు.

మైకో ముస్తాబులోనే ఆమె ఎంతవరకు నేర్చుకుందో తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినప్పుడు కింది పెదవికే రంగు వేస్తారు, లోపలి కాలరు ఎర్రగా ఉంటుంది. జడపువ్వులు నెలనెలా మారతాయి, మేం చూసినప్పుడు చెర్రీ పూలు. జుట్టు సొంతం. కొప్పు చెదరకుండా ఎత్తైన గట్టి దిండు మీద మెడ ఆన్చి పడుకుంటారు. సుమారు అయిదేళ్లు నాట్యం, షమిసెన్ అనే మూడు తీగల వాద్యం, టీ మర్యాదలు నేర్చుకున్నాక కాలరు తెల్లగా మారుతుంది. అప్పుడే గేయికో అయినట్టు, ఇక తలకి విగ్గు పెట్టుకోవచ్చు.

వాళ్లు అతిథుల్ని అలరించే టీ ఇళ్లలోకి కొత్తవాళ్లని రానివ్వరు, తెలిసినవాళ్లు పరిచయం చేయాలి. బిల్లు అప్పటికప్పుడు ఇవ్వరు, తర్వాత పంపుతారు. కట్టకపోతే పరిచయం చేసినవాళ్ల పరువు పోతుంది. ఈ పద్ధతి నాకు సబబుగానే అనిపించింది.

మా బస క్యోటోలోనే హిగాషియామా అనే పేటలో ఒక పాత చెక్క ఇంట్లో. చాపల గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది కానీ మెట్లు నిటారుగా ఉండటంతో అమ్మ మోకాళ్లకి కష్టమైంది. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది అడగండి. శాకాహారులు సూపుల విషయంలో జాగ్రత్త, చాలావాటిలో ఎండు చేప మరిగించిన నీళ్లే ఉంటాయి.

ఒకరోజు రైల్లో కనజవా అనే మరో ఊరికి వెళ్లాం. హిగాషి చాయా వీధిలో 1820లో కట్టిన షిమా అనే టీ ఇల్లుంది. టికెట్ కొని ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. క్యోటోలో చూడలేని లోపలి భాగమంతా ఇక్కడ తీరిగ్గా చూశాం. మేడ మీద అతిథి కూర్చునే చోటికి ఎదురుగా చిన్న గది, దాని జరిపే తలుపులు తీస్తే అదే వేదిక. అమ్మ గోడలన్నీ చూసి, ‘పరుపులు పెట్టుకునే అలమరా ఒక్కటీ లేదేమే?’ అంది. కరపత్రం చదివి చెప్పాను, ఆ మేడ పాట వినడానికీ ఆట చూడడానికీ మాత్రమే కట్టారట.