లిటిల్ బాయ్, ఫ్యాట్ మ్యాన్: ఏ డిజైన్ మేలు?

ముందే ఒక మాట. ఇక్కడ తూచి చూస్తున్నది ఇంజినీరింగ్‌ను మాత్రమే. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిలలో లక్షకు పైగా ప్రాణాలు తీసిన ఈ రెండు బాంబుల్లో ‘మంచిది’ అనదగ్గది ఏదీ లేదు.

అమెరికా అణుబాంబును తయారుచేసిన లాస్ అలమాస్ ల్యాబ్ శాస్త్రవేత్తల ముందు రెండు దారులున్నాయి. గన్ పద్ధతిలో ఒక యురేనియం ముక్కను ఫిరంగి గొట్టంలోంచి కాల్చినట్టు ఇంకో ముక్క మీదికి పంపుతారు; హిరోషిమా మీద వేసిన లిటిల్ బాయ్‌ది ఇదే. ఇంప్లోజన్‌లో ప్లుటోనియం గోళాన్ని చుట్టూ ఉన్న పేలుడు పదార్థం అన్ని వైపుల నుంచీ ఒకేసారి లోపలికి నొక్కుతుంది; నాగసాకి మీద వేసిన ఫ్యాట్ మ్యాన్‌ది ఇది.

మొదట్లో మొగ్గంతా గన్ వైపే. ప్లుటోనియానికీ అదే సరిపోతుందని థిన్ మ్యాన్ అనే డిజైన్ మొదలుపెట్టారు. 1943లో ల్యాబ్ శాస్త్రవేత్త సేథ్ నెడర్‌మేయర్ ఇంప్లోజన్ గురించి చెబితే నమ్మినవాళ్లు తక్కువే. 1944లో భౌతిక శాస్త్రవేత్త ఎమీలియో సెగ్రే బృందం రియాక్టర్‌లో తయారైన ప్లుటోనియాన్ని పరీక్షించాక లెక్కలన్నీ తారుమారయ్యాయి. అందులో కలిసి ఉన్న ప్లుటోనియం-240 అనే మరో రకం ప్లుటోనియం తనంతట తానే విచ్ఛిత్తి చెందుతూ (అంటే పరమాణు కేంద్రకాలు చీలిపోతూ) న్యూట్రాన్లు వదులుతోంది. ముక్కలు పూర్తిగా కలిసేలోపే చర్య మొదలైపోతే బాంబు తుస్సుమంటుంది. జూలైలో థిన్ మ్యాన్‌ను పక్కన పెట్టేశారు. ల్యాబ్ డైరెక్టర్ ఓపెన్‌హైమర్ పనిని చాలావరకు ఇంప్లోజన్ వైపు మళ్లించాడు.

గన్ మీద ఎంత నమ్మకమంటే, లిటిల్ బాయ్‌ని ముందుగా ఒక్కసారి కూడా పరీక్షించకుండానే హిరోషిమా మీద వేశారు. ఇంప్లోజన్ విషయంలో ఆ ధీమా లేదు. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో ట్రినిటీ పరీక్ష చేసింది అందుకే.

అయితే సులువైనది భద్రమైనదని కాదు. బాంబర్లు బయలుదేరే పసిఫిక్ దీవి టినియన్‌లో బి-29 విమానాలు టేకాఫ్‌లోనే కూలి తగలబడటం, బాంబు బాధ్యత చూసే నేవీ అధికారి విలియం పార్సన్స్ కళ్లారా చూశాడు. లిటిల్ బాయ్‌తో అలా జరిగితే దీవికే ముప్పు. అందుకే ఆయన విమానం గాల్లోకి లేచాక, ఇరుకైన బాంబు గదిలో కూర్చుని, తన చేతులతోనే బాంబులో పేలుడు మందు నింపాడు. ఇంత టెన్షన్ పెట్టే డిజైన్‌ను భద్రమైనదని ఎలా అనగలం?

పైగా వృథా చాలా ఎక్కువ. లిటిల్ బాయ్‌లో సుమారు 64 కిలోల యురేనియం ఉంటే, విచ్ఛిత్తి అయింది ఒక కిలోకు అటూ ఇటూ. శక్తి దాదాపు 15 కిలోటన్నులు (ఒక కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడుతో సమానం). ఫ్యాట్ మ్యాన్ 6 కిలోల ప్లుటోనియంతోనే దాదాపు 21 కిలోటన్నులు ఇచ్చింది. యురేనియాన్ని శుద్ధి చేసిన ఓక్ రిడ్జ్ కర్మాగారాల్లో వేలమంది పడ్డ కష్టమంతా ఆ ఒక్క గన్ బాంబుకే సరిపోయింది.

ఇంజినీరింగ్‌గా చూస్తే నా ఓటు ఇంప్లోజన్‌కే. యుద్ధం తర్వాత అమెరికా నిల్వల్లో పెరిగిందీ ఫ్యాట్ మ్యాన్ తరహాయే. 1974లో పోఖ్రాన్‌లో మన దేశం పరీక్షించిందీ ప్లుటోనియం ఇంప్లోజనే. దక్షిణాఫ్రికా మాత్రం చేతిలో శుద్ధి చేసిన యురేనియం ఉంది కాబట్టి గన్ పద్ధతినే ఎంచుకుని ఆరు బాంబులు చేసింది. వాటన్నిటినీ విప్పేశామని 1993లో అధ్యక్షుడు డి క్లర్క్ ప్రకటించాడు.