బాయ్‌సీ నీలం టర్ఫ్: 14 సీజన్లు చూశాక

2011లో మేం ఈ ఊరికి వచ్చిన కొత్తలో అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. మా ఆయనకు మైక్రాన్ అనే చిప్‌ల కంపెనీలో ఉద్యోగం, నాకింకా పని దొరకలేదు. ఆయన ఆఫీసులో ఒకరు ఊరెళ్తూ రెండు టికెట్లు ఇచ్చారు. నవంబర్ నెల, ఈ ఊరి యూనివర్సిటీ జట్టు బాయ్‌సీ స్టేట్‌కు టెక్సస్ నుంచి వచ్చిన టీసీయూ అనే యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్. మెట్లెక్కి గ్యాలరీలోకి అడుగుపెట్టేసరికి కింద మైదానం కనిపించి అక్కడే నిలబడిపోయాను. నీలిమందు డబ్బా ఒలికిపోయినట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే నీలం. వెనక జనం ఆగిపోయారని మా ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. ఆ రోజు బాయ్‌సీ స్టేట్ 36-35తో ఓడిపోయింది, ఆఖరి కిక్ పక్కకు పోయింది. సొంతగడ్డ మీద ఏళ్ల తరబడి ఓటమి చూడని జనం కుర్చీల్లోనే కూలబడ్డారు. ఒక్క రూలూ తెలియని నాకు కూడా గొంతు పట్టేసింది. మరుసటి ఏడాది నుంచి సీజన్ టికెట్లు కొంటున్నాం.

ఇది ఐడహో రాష్ట్ర రాజధాని బాయ్‌సీలో, యూనివర్సిటీ వాళ్ల స్టేడియం. 2014 నుంచి దాని పేరు ఆల్బర్ట్‌సన్స్ స్టేడియం, అంతకుముందు బ్రాంకో స్టేడియం. 36 వేల మందికి పైగా పడతారు. 1970లో కట్టినప్పుడు అన్నిచోట్లా ఉన్నట్టే పచ్చ ఆస్ట్రోటర్ఫ్ (కృత్రిమ గడ్డి) పరిచారు. అది అరిగిపోయి 1986లో మార్చాల్సి వచ్చింది. ఏడున్నర లక్షల డాలర్లు పోసి మళ్లీ పచ్చదే వేస్తే కొత్తది వేశామని ఎవరు గమనిస్తారన్నది అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ జీన్ బ్లేమైయర్ ఆలోచన. జట్టు రంగు నీలం, కాబట్టి నేలా నీలమే. ఆ సెప్టెంబర్ 13న దాని మీద జరిగిన మొదటి మ్యాచ్‌లో హంబోల్ట్ స్టేట్‌ను 74-0తో చిత్తు చేశారు. కానీ ఆ సీజన్ మొత్తం చూస్తే 5 గెలుపులు, 6 ఓటములు. మా వెనక వరుసలో కూర్చునే పెద్దాయన ఆ ఏడాది కూడా ఇక్కడే ఉన్నారట. ఊళ్లో సగం మంది నవ్వారని, కార్టూన్లలోని నీలం బుడతలు స్మర్ఫ్‌ల పేరు మీద 'స్మర్ఫ్ టర్ఫ్' అని పేరు పెట్టారని చెబుతారు. ఇప్పుడు ఇక్కడ అందరూ 'ది బ్లూ' అంటారు. ఆ రెండు మాటలు చాలు, స్టేడియం పేరు కూడా అక్కర్లేదు.

ఇక గొడవల విషయం. జట్టు నీలం జెర్సీ, నీలం ప్యాంటు, నీలం హెల్మెట్ వేసుకుని నీలం నేల మీద ఆడితే అవతలి జట్టుకు అన్యాయమా, కాదా? నేను వచ్చిన ఏడాదే బాయ్‌సీ స్టేట్ మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరింది. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీ జట్ల కూటమి. చేరేటప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు సొంత మైదానంలో ఆడేటప్పుడు పై నుంచి కింది దాకా నీలం వేసుకోకూడదు. రెండు సీజన్లు అలాగే నడిచింది. 2012 చివర్లో వేరే కాన్ఫరెన్స్‌కు వెళ్లకుండా ఇక్కడే ఉంటామని ఒప్పుకున్నప్పుడు ఆ షరతు ఎత్తేశారు.

మొదట్లో నాకు ఆ షరతు న్యాయమే అనిపించింది. మా సీట్లు చాలా పైన. బంతి చేతులు మారేటప్పుడు రెప్పవేస్తే చాలు, పరిగెత్తేవాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. టీవీలో ఇంకా కష్టం. కానీ ఒక ఏప్రిల్‌లో ప్రాక్టీస్ మ్యాచ్ అయ్యాక పిల్లలను మైదానంలోకి వదిలారు. మా అబ్బాయి నీలం జెర్సీ వేసుకుని అవతలి గోల్ వైపు పరిగెత్తాడు. నేను 20 గజాల గీత దగ్గర నిలబడి వాణ్ణే చూస్తున్నాను. వాడి వెనక నాకు కనబడింది నేల కాదు. గ్యాలరీ, ఖాళీ కుర్చీలు, నడిచే జనం. నీలం టర్ఫ్ వాడి పిక్కల వెనక మాత్రమే ఉంది. మనిషి ఎత్తులో నిలబడి చూసేవాడికి ఎదుటి మనిషి నేలలో కలిసిపోడు. కలిసిపోయేది పై నుంచి చూసే మనకు, కెమెరాకు. ఆ రోజుతో ఈ విషయంలో నా మనసు మారింది.

వెనక వరుస పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. కోచ్‌లు, ఆటగాళ్లు పై నుంచి తీసిన వీడియోలు చూసే కదా మ్యాచ్‌కు సిద్ధమయ్యేది, అప్పుడు ఆ వీడియోలో నీలం మీద నీలం కనబడకపోతే నష్టం కాదా అన్నారు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

నాకు నచ్చేది మాత్రం నీలం మీద నారింజ, అది జట్టు రెండో రంగు. మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఒక మ్యాచ్‌కు తీసుకెళ్లాను. ఆ రోజు గ్యాలరీ నిండా నారింజ రంగు టీషర్టులే. అమ్మ ఆటను పట్టించుకోలేదు, కాసేపు చుట్టూ చూసి "నీలం చీరకు కనకాంబరం అంచు వేసినట్టుందే" అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. జట్టు కూడా నారింజ జెర్సీలు ఇంకాస్త తరచుగా వేసుకుంటే ఎంత బాగుంటుందో. మా ఇంట్లో ఈ మాటకు విలువ లేదు. మా అబ్బాయికి నిలువెల్లా నీలం తప్ప ఇంకేదీ జట్టు రంగే కాదు.

అసలు టర్ఫ్ సంగతికి వస్తే, రంగు గురించి మాట్లాడినంతగా ఎవరూ దాని గురించి మాట్లాడరు. 1986లో వేసింది పొట్టి పోచల తివాచీ లాంటిది, పడితే చర్మం లేచిపోయేదట. 2008లో ఫీల్డ్‌టర్ఫ్‌కు మారారు. ఇప్పుడున్నది 2019లో వేసింది. ఈ రకంలో పొడుగు ప్లాస్టిక్ పోచల మధ్య ఇసుక, రబ్బరు రేణువులు నింపుతారు. చేత్తో పోచలను పక్కకు తీస్తే అడుగున నల్లగా కనబడుతుంది. మెత్తగా, కాస్త ఎగిరినట్టు ఉంటుంది, చెప్పులతో నడిచినా హాయిగానే ఉంది. ఆ ఏప్రిల్ రోజు ఇంటికొచ్చి మా వాడి బూట్లు విదిలిస్తే పిడికెడు నల్ల గింజలు రాలాయి. సాక్సుల్లోవి వాషింగ్ మెషిన్ రబ్బరు మడతల్లో చేరి నెల దాకా వస్తూనే ఉన్నాయి.

ఎండ ఇంకో సంగతి. సెప్టెంబర్ మొదట్లో ఇక్కడ 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అసలు గడ్డి నీటిని ఆవిరి చేసుకుని తనను తాను చల్లబరచుకుంటుంది. ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు. ఎండలో ఈ రకం టర్ఫ్ 60 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం మ్యాచ్‌లలో పక్క గీత దగ్గర ఆటగాళ్లు అరికాళ్లు మార్చి మార్చి నిలబడటం కింద వరుసల నుంచి నేను చూశాను. అందుకే సాయంత్రం మ్యాచ్‌లంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

నా మనసులో గుచ్చుకునేది గాయాల విషయం. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా జె.సి. ట్రెటర్ 2020లో బయటపెట్టిన లెక్క ఒకటుంది. 2012 నుంచి 2018 దాకా చూస్తే, ఎవరూ తగలకుండానే కాళ్లకు అయ్యే గాయాలు గడ్డి మీద కంటే కృత్రిమ టర్ఫ్ మీద 28 శాతం ఎక్కువ. కారణం కూడా అర్థమయ్యేదే. బూటు మేకులు దిగబడి కాలు తిరిగినప్పుడు గడ్డి అయితే పెళ్ల లేచిపోయి కాలిని వదిలేస్తుంది. ప్లాస్టిక్ వదలదు. ఆ బలమంతా మోకాలి మీదో చీలమండ మీదో పడుతుంది. మా అబ్బాయి 11 ఏళ్లప్పుడు ఊళ్లో ఒక పిల్లల మైదానంలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా నడుముకున్న గుడ్డ లాగే ఆట) ఆడేవాడు. అది పచ్చ టర్ఫే. రేణువులు అరిగిపోయి, రెండు ముక్కలు కలిసేచోట అంచు లేచి ఉంది. దానికి బొటనవేలు తగిలి చీలమండ మెలిక పడి మూడు వారాలు కుంటుతూ నడిచాడు. ఆ మూడు వారాల తర్వాత నుంచి ది బ్లూ మీద ఎవరైనా పడి లేవకపోతే నా కళ్లు ముందు వాళ్ల కాళ్ల దగ్గరికే వెళ్తాయి. స్టేడియం టర్ఫ్‌ను ఆ మైదానంతో పోల్చడం లేదు, దీన్ని బాగా చూసుకుంటారు. కానీ రకం ఒకటే.

మరి తీసేసి గడ్డి వేయమంటానా? అనలేను. ఈ నీలం పోతే ఈ ఊరికి ఏదో పోతుంది. 2007 జనవరి 1న సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లలో ఒకటైన ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను 43-42తో ఓడించేదాకా దేశంలో చాలామందికి ఈ జట్టు గురించి తెలిసింది నేల రంగు ఒక్కటే. యూనివర్సిటీ వాళ్లు నీలం మైదానానికి ట్రేడ్‌మార్క్ కూడా తీసుకున్నారు. తర్వాత ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఎరుపు, కోస్టల్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు నెమలిపింఛం లాంటి రంగు వేసుకున్నారు. అయినా మొదటిది మొదటిదే. మనవాళ్లకు నీలం నేల వింతేమీ కాదు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో హాకీని నీలం టర్ఫ్ మీద, పసుపు బంతితో ఆడారు, టీవీలో చూసే ఉంటారు. అక్కడ బంతి బాగా కనబడాలని వేశారు, ఇక్కడ ఊరు కనబడాలని.

వెళ్లాలనుకునేవాళ్లకు: తూర్పు గ్యాలరీలో సాయంత్రం ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, టోపీ తప్పనిసరి. బాగా పైనా వద్దు, బాగా కిందా వద్దు, 20వ వరుస అటూఇటూ అయితే ఆట, రంగు రెండూ దక్కుతాయి. టీవీ కోసం రాత్రి ఎనిమిది తర్వాత మొదలయ్యే మ్యాచ్‌లు ఉంటాయి, నవంబర్‌లో చిన్నపిల్లలతో అవి కష్టం. అన్నిటికంటే లైట్ల వెలుగులో నీలం చూడండి. పగలు వెలిసినట్టుండే రంగు చీకటి పడ్డాక సిరా రంగులోకి దిగుతుంది. 2024 డిసెంబర్ 6న లాస్ వేగస్ యూనివర్సిటీ జట్టు యూఎన్‌ఎల్‌వీతో కాన్ఫరెన్స్ ఫైనల్. మా జట్టు ఆష్టన్ జెంటీ 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసినప్పుడు ఒక వైపు గ్యాలరీ "బాయ్‌సీ" అంటే ఎదుటి వైపు "స్టేట్" అంటూ ఊగిపోయింది. 21-7తో గెలిచాం. ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా చెవుల్లో అదే మోత.

ఇలాంటి టర్ఫ్ ఎనిమిది, పదేళ్లకు మించి ఉండదు. అంటే 2019లో వేసింది మార్చే రోజు దగ్గరపడుతోంది. మళ్లీ ఏ నీలం, ఎంత ముదురు అని మా వరుసలో అప్పుడే మొదలుపెట్టారు. నాకు కావాల్సింది వేరే: అడుగున దెబ్బను పీల్చుకునే ప్యాడ్ ఏది వేస్తారు, రబ్బరు బదులు ఏం నింపుతారు, నేల ఎంత గట్టిపడిందో ఏటా పరీక్షించి ఆ అంకెలు అందరికీ చెబుతారా? ఈసారి టికెట్లు రెన్యూ చేసేటప్పుడు సలహాల గడిలో ఈ మూడూ రాశాను. మా అబ్బాయి పక్కనే కూర్చుని చదివి, పంపే ముందు ఇంకో వాక్యం చేర్చాడు: రంగు మాత్రం ఇదే ఉండాలి.