వార్సా, క్రాకవ్: యూదు మిత్రులతో ఎనిమిది రోజులు

నేను వార్సాలో ఎమ్మెస్ చదువుతున్నాను. నాతో చదివే అమ్మాయి ఒకరోజు, "మావాళ్లు ఇరవై మంది వస్తున్నారు. నీకు కాస్త పోలిష్ వచ్చు కదా, రైళ్లు, టికెట్లు చూసిపెడతావా?" అని అడిగింది. వేర్వేరు దేశాల్లో పెరిగిన యూదు కుర్రకారు, అందరి ముత్తాతలదీ పోలండే. అలా నేనూ వాళ్లతో తిరిగాను. ఇలాంటి యాత్ర పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి ప్లాన్‌లో రెండో రోజే నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ ఉంది. మా స్నేహితురాలు పట్టుబట్టి మార్పించింది. "ఎలా చంపారో తర్వాత చూద్దాం, ముందు ఎలా బతికారో చూడాలి" అంది. అందుకే సోమవారం పొద్దున్నే పోలిన్ మ్యూజియంకి వెళ్లాం (మంగళవారం సెలవు, గుర్తుంచుకోండి). నాజీలు యూదులను గోడల మధ్య బంధించిన పేట, అంటే ఘెట్టో, ఒకప్పుడు ఉన్నచోటే కట్టారు. పోలండ్ యూదుల వెయ్యేళ్ల చరిత్ర అందులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ దేశంలో సుమారు 33 లక్షల మంది యూదులు ఉండేవారు, అంటే జనాభాలో పదోవంతు. వాళ్లలో దాదాపు తొంభై శాతం మందిని నాజీలు చంపేశారు. గ్వోజ్జెట్స్ అనే ఊళ్లో ఒకప్పుడు ఉన్న చెక్క సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) పైకప్పును రంగులతో సహా మళ్లీ తయారుచేసి పెట్టారు. జంతువుల బొమ్మలు, పన్నెండు రాశులు. మేషం, వృషభం, మిథునం అని నేను తెలుగులో లెక్కపెడుతుంటే పక్కనున్నవాళ్లు హీబ్రూలో చెప్పారు. మేం రెండు గంటలే పెట్టుకున్నాం, ఏ మూలకీ చాల్లేదు. కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.

మా వార్సా గైడ్ చాలా బాగా చెప్పారు. 1943 ఏప్రిల్ 19న ఘెట్టోలో యూదులు మొదలుపెట్టిన తిరుగుబాటు వేరు, 1944 ఆగస్టు 1న మొదలై 63 రోజులు సాగిన పోలండ్‌వాళ్ల నగర తిరుగుబాటు వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, మొన్నటిదాకా నేనూ అంతే. ఆ తర్వాత జర్మన్లు ఊరిని చాలావరకు నేలమట్టం చేశారు. ఇప్పుడు మనం చూసే పాత పట్నం మళ్లీ కట్టుకున్నదే. ఈ రెండు కథలూ తెలిసిన గైడ్ దొరికితే డబ్బు ఎక్కువైనా పెట్టండి.

ఒకొపోవా వీధిలోని యూదుల శ్మశానం 1806 నాటిది. చెట్లు, నాచు పట్టిన రాళ్లు, ఎటు చూసినా హీబ్రూ అక్షరాలు. సమాధి మీద పూలు కాదు, చిన్న రాయి పెడతారు. మగవాళ్లు తల కప్పుకోవాలి. శనివారం మూసేస్తారు.

బుధవారం రైల్లో క్రాకవ్ వెళ్లాం. ఎక్స్‌ప్రెస్ అయితే రెండున్నర గంటలు, సుఖమైన ప్రయాణం. గురువారం ఆష్విట్జ్. ప్రవేశం ఉచితమే కానీ టైము ముందే బుక్ చేసుకోవాలి, గ్రూపుకి గైడ్ తప్పనిసరి. ఎంత ముందు చేసుకుంటే అంత మంచిది. అక్కడ చంపినవాళ్లు సుమారు 11 లక్షల మంది, వాళ్లలో దాదాపు పది లక్షల మంది యూదులే. ఆ శిబిరంలోనే భాగమైన బిర్కెనౌలో రైలు పట్టాల పక్కన నిలబడి మావాళ్లు తమ కుటుంబాల్లో నాజీలు చంపినవాళ్ల పేర్లు చదివారు. అంతకుమించి నేను రాయలేను. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఆష్విట్జ్, ఉప్పు గనులు కలిపి ఒకే రోజు చూపిస్తామనే ప్యాకేజీలు క్రాకవ్‌లో బోలెడు. దయచేసి తీసుకోకండి. ఆ సాయంత్రం ఏమీ పెట్టుకోకండి.

బస విషయంలో ఒక పెద్ద టెన్షన్ పడ్డాం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి షబ్బత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. నిష్ఠగా పాటించేవాళ్లు కరెంటు వస్తువులేవీ ముట్టరు కాబట్టి లిఫ్టు ఎక్కరు, కార్డు తలుపులు తెరవరు. మామూలు తాళంచెవి ఉన్న గదులు, అవీ మొదటి అంతస్తులో ఇస్తామని హోటల్ వాళ్లు మెయిల్‌లో ఒప్పుకున్నారు. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, అన్నీ కార్డు తలుపులే. చివరికి రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడే ప్రతిసారీ మెట్లెక్కి వచ్చి తలుపులు తీశాడు. అతనికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. మీరైతే గది నంబర్లతో సహా రాయించుకోండి.

క్రాకవ్‌లో ఒకప్పటి యూదుల పేట కజిమేజ్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ యూదు వంటకాలు అని బోర్డు పెట్టిన హోటళ్లన్నీ కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం వండేవి) కావు, అడిగి తెలుసుకోవాలి. లౌడ్‌స్పీకర్లో ఘెట్టో కథ చెబుతూ తిరిగే బ్యాటరీ బండ్లు నాకు నచ్చలేదు. నడవండి. రెముహ్ సినగాగ్, నది అవతల ఘెట్టో యూదుల జ్ఞాపకంగా ఖాళీ కుర్చీలు పెట్టిన కూడలి, అన్నీ కాలినడక దూరమే. షిండ్లర్ తన ఫ్యాక్టరీలో పనిచేసే యూదులను కాపాడిన జర్మన్ వ్యాపారి. ఆ ఫ్యాక్టరీ మ్యూజియంలో ఆయన కథ కన్నా నాజీల ఆక్రమణలో క్రాకవ్ ఎలా ఉండేదన్నదే ఎక్కువ. అది తెలిసి వెళ్తే నిరాశపడరు.

శుక్రవారం రాత్రి అక్కడి యూదు కమ్యూనిటీ సెంటర్లో భోజనం. ముందుగా చెప్పాలి. మాంసం వడ్డించే పూట పాలూ పెరుగూ ఉండవు, మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని, బెనె ఎఫ్రాయిమ్ అంటారని చెబితే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. ఆ రాత్రి యాత్రలో మొదటిసారి అందరూ గట్టిగా పాడారు.

ఆదివారం మళ్లీ వార్సా. విమానానికి ముందు నేనూ, మా స్నేహితురాలూ నోవోలిప్కి వీధికి వెళ్లాం. ఇమ్మాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్, ఆయన సహచరులు ఘెట్టో జీవితాన్ని రహస్యంగా రాసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి ఇక్కడే 68వ నంబరు బడి కింద పాతిపెట్టారు. పెట్టెలు 1946లో, క్యాన్లు 1950లో దొరికాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. దొరికిన క్యాన్ ఒకటి యూదు చరిత్ర సంస్థలో మంగళవారమే చూశాం. మా స్నేహితురాలి ముత్తవ్వ ఉన్నదీ ఈ వీధిలోనే. ఇప్పుడక్కడ శిథిలాల దిబ్బల మీద కట్టిన అపార్టుమెంట్లు. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఏం వెతుకుతున్నారని అడిగింది. ముత్తవ్వ ఇంటి నంబరు చెప్పాను. "ఆ నంబరు ఇప్పుడు లేదమ్మా" అంది పోలిష్‌లో. మా స్నేహితురాలు ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న రాయిని మెట్ల పక్కన పెట్టింది. ముసలావిడ కుక్క తాడు దగ్గరికి లాక్కుని, మేం కదిలేదాకా మాతోనే నిలబడింది.